కావి వస్త్రం మీద మూడు వేళ్లు

దుర్గాశంకర్ పరిగెడుతున్నాడు.

పొద్దున తొమ్మిదిన్నర. గవర్నర్‌పేటలో అప్పుడే షట్టర్లు లేస్తున్నాయి. బట్టల బేళ్లు దింపుతున్న కూలీల మధ్యలోంచి, తోపుడు బండ్ల పక్కనుంచి… ఒకటే పరుగు.

చొక్కా నిండా రక్తం. అతనిది కాదు.

గుండెలకు హత్తుకున్న గుడ్డసంచి.

వెనక బూట్ల చప్పుడు దగ్గరవుతోంది.

"ఒరేయ్ మంగళగిరీ, సంచి పడేసి పో. హనుమయ్య ఒక్కసారే చెప్తాడు."

దుర్గాశంకర్ వెనక్కి చూశాడు. అదే తప్పు.

కత్తి మెరిసింది!

ముంజేతి మీద నిప్పు పెట్టినట్టు మంట. రక్తం చివ్వున చిమ్మి పక్క షాపు గాజు మీద పడింది. ఎవరో ఆడమనిషి కెవ్వుమంది.

దుర్గాశంకర్ కాలు లేపి తన్నాడు. హనుమయ్య వెల్లకిలా టీ బండి మీద పడ్డాడు. మరుగుతున్న పాలు మెడ మీద ఒలికాయి.

ఎదురుగా ఆటో. దూకాడు.

"మంగళగిరి. ఎంతైనా ఇస్తా. పోనీ."

డ్రైవర్ అద్దంలో చూశాడు. అద్దం మీద 'బసవయ్య' అని ఎర్ర అక్షరాలు.

"ఆస్పత్రికి కదన్నా పోవాల్సింది?"

"ఇంటికి పోవాలి."

"సీటు కొత్తదన్నా. రక్తం అవతలికి కార్చుకో," అని బసవయ్య గేరు మార్చాడు.

* * *

ఇరవై నిమిషాల క్రితం…

సందు చివరి పాత చర్చి. తలుపు తీసే ఉంది. "ఫాదర్ గారూ" అని పిలుస్తూ లోపలికి వెళ్లాడు దుర్గాశంకర్. పూజాపీఠం పక్కన ఫాదర్ యేసుకుమార్ నేల మీద పడి ఉన్నారు. గొంతు మీద అడ్డంగా గాటు. మాట రావడం లేదు. నెత్తుటి బుడగలు వస్తున్నాయి.

తన ఒంటి కింద దాచిన సంచి లాగి దుర్గాశంకర్ చేతిలో పెట్టారు. ఆ చేతిని గట్టిగా నొక్కారు. అంతే… కళ్లు నిలిచిపోయాయి.

గేటు దాటేసరికి బైక్ మీద హనుమయ్య. గోడ మీద సీసీ కెమెరా.

రక్తపు చొక్కాతో పరిగెత్తిన తన మొహం ఈపాటికి పోలీసుల స్క్రీన్ మీద ఉంటుంది. అసలువాడు దొరక్కపోతే ఆ హత్య తనదే. జీవితాంతం జైలు.

ఆటోలో ఒళ్లో పెట్టుకున్న సంచి విప్పాడు.

కావి వస్త్రం.

మూడు వందల ఏళ్ల క్రితం ఓడలో వచ్చిన పాదిరీది. తీరంలో దిగి, బూట్లు విప్పి, మాంసం మానేసి, సన్యాసిలా కావి కట్టి, తెలుగులో ప్రార్థన చెబుతూ ఊరూరా నడిచినవాడు. జ్వరమొచ్చి ఇక్కడే పోయాడు. ఆయన కట్టిన ఈ బట్టను గాజుపెట్టెలో దాచారు. ఏటా పండగకి తీసి ఊరేగిస్తారు. రోగాలున్నవాళ్లు తాకి కళ్లకద్దుకుంటారు. ఈసారి పండగ ఆదివారం.

నిన్న రాత్రే ఫాదర్ ఫోన్ చేశారు. "బాబూ శంకరం, పండగ కోసం పెట్టె తెరిచాను. నాకేదో అనుమానంగా ఉంది. మగ్గం తెలిసినవాడివి, ఒకసారి వచ్చి చూసి పో."

చూస్తున్నాడు. పోగు వేళ్ల మధ్య నలిపాడు.

మూడు వందల ఏళ్ల నూలా ఇది? నలిపితే పొడి కావాల్సింది. బిర్రుగా ఉంది. టీ నీళ్లలో నానబెట్టిన వాసన.

అంచు మడత విప్పాడు. లోపల ఏదో పసుప్పచ్చని మరక.

"బసవయ్యా, సున్నం ఉందా?"

"ఖైనీ కూడా ఉందన్నా. ఈ టైములోనా?"

సున్నం డబ్బీ అందుకున్నాడు. మరక మీద రుద్దాడు.

ఎర్రబడింది!

పసుపే. ఒకటి కాదు. పక్కపక్కనే మూడు వేలిముద్రలు.

"ఏంటన్నా, పెళ్లి బట్టలా?" అన్నాడు బసవయ్య.

దుర్గాశంకర్ ఆ ముద్రల మీద తన మూడు వేళ్లు ఆనించాడు. మగ్గం మీంచి కోసిన ప్రతి బట్టకీ మూడు వేళ్లతో పసుపద్దే మనిషి అతనికి తెలుసు.

బ్యారేజీ మీద ఆటో దూసుకుపోతోంది. వెనక దూరంగా… బైక్.

* * *

"అయ్యో, ఏంట్రా ఈ నెత్తురు?"

రావమ్మ పైట చెంగు చించి కొడుకు చేతికి కట్టబోయింది. దుర్గాశంకర్ ఆపి, బట్ట ఆవిడ మొహం ముందు పట్టాడు.

"అమ్మా, ఈ పసుపు నువ్వు పెట్టిందేనా?"

"నేనే. మగ్గం దిగిన బట్టకి పెట్టకుండా ఎట్టా పంపిస్తారా?"

"ఎవరు నేశారు?"

"మీ నాన్నే. నువ్వు హైదరాబాద్ ఎగ్జిబిషన్‌కి పోయావు చూడు, అప్పుడు. ఎవరో స్వామీజీకి అన్నారు."

"నాన్న ఏడీ?"

"తెల్లారుజామున బెజవాడ పోయారు. నూలు తేవాలన్నారు."

తలుపు ఫెళ్లున తెరుచుకుంది!

హనుమయ్య. మెడంతా బొబ్బలు. రావమ్మను ఒక్క తోపు తోశాడు. ఆవిడ గోడకి కొట్టుకుని జారిపోయింది.

దుర్గాశంకర్ మీద పడ్డాడు. ఇద్దరూ కలిసి మగ్గం మీద పడ్డారు. పడుగు పోగులు పటపటా తెగాయి. దుర్గాశంకర్ పేకపోగు అటూ ఇటూ విసిరే నాడె అందుకుని, దాని ఇనప మొనతో హనుమయ్య భుజంలో పొడిచాడు. ఇంకోసారి. హనుమయ్య అరుస్తూ వెనక్కి తూలి, మగ్గం గుంటలో కూలబడ్డాడు. కత్తి జారిపోయింది.

దుర్గాశంకర్ ఆ కత్తి అతని గొంతు కింద పెట్టాడు.

"ఫాదర్‌ని ఎందుకు చంపావురా?"

"నేను చంపలేదు."

"కోసేస్తా."

"కోసుకో. రామకోటేశ్వరరావు గారు బట్ట తెమ్మన్నారు, అంతే. చల్లపల్లిలో కూచుని పాతకాలపు వస్తువులు విదేశాలకి అమ్మే దందా అంతా ఆయనే నడిపిస్తాడు. పెట్టెకి కొత్త గాజు వేయిస్తానని అసలుది మార్చేశాడు. నేను పొద్దున బయట బండి మీద ఉన్నా. లోపలికెళ్లింది…"

హనుమయ్య కళ్లు దుర్గాశంకర్ భుజం మీదుగా వెనక్కి చూశాయి. పెద్దవయ్యాయి.

ధడ్!

బట్ట చుట్టే బరువైన కర్ర హనుమయ్య నెత్తి మీద పడింది. మళ్లీ పడింది. మూడోసారి ఎముక విరిగిన చప్పుడు.

కర్ర పట్టుకున్నది నాన్న. మార్కండేయులు.

చేతిలో నూలు లేదు. పంచె అంచున గోధుమరంగులో ఎండిన చారలు.

"బట్ట ఇటియ్యి. పొయ్యిలో పెడదాం. నీకూ నాకూ మంచిది."

"నాన్నా… ఫాదర్ గారి దగ్గరికి…"

"రాత్రి అన్నం దగ్గర నువ్వే చెప్పావుగా, ఆయనకి అనుమానమొచ్చిందని. బతిమాలదామనే పోయా. ఆదివారం అందరి ముందూ చెప్పేస్తానన్నాడు. కాళ్లు పట్టుకున్నా. ముందు దేవుడికి చెప్పుకోమన్నాడు." మార్కండేయులు ఊపిరి పీల్చుకున్నాడు. "బట్ట కోసం వెతుకుతుంటే బయట నీ గొంతు వినపడింది. వెనక తలుపులోంచి వచ్చేశా."

"మనిషిని చంపావు నాన్నా."

"ఓడెక్కి వచ్చినాయన బట్ట విమానం ఎక్కి పోయింది. ఎవడికి నష్టం రా? నోరు మూసుకుంటే అయిపోయేది."

బయట జీపు బ్రేకు. పరుగులు. గుమ్మంలో ఎస్‌ఐ సింధూరి. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు. పిస్టల్ సూటిగా దుర్గాశంకర్ మీద.

"ఆటో నంబరు పట్టుకునే వచ్చాం. కత్తి కింద పడెయ్."

పడేశాడు.

మార్కండేయులు చేతిలో కర్ర ఎప్పుడు వదిలాడో… అది దొర్లి కొడుకు కాళ్ల దగ్గర ఆగింది.

"మా వాడేనమ్మా," అన్నాడు మార్కండేయులు. "ఎక్కడో చంపి వచ్చాడు. పట్టుకోబోయిన ఈ మనిషిని కూడా కొట్టేశాడు. నేను ఆపలేకపోయా."

దుర్గాశంకర్ తండ్రి మొహంలోకి చూశాడు. ఆ కళ్లు ఇటు తిరగలేదు.

"మోకాళ్ల మీద కూర్చో," అంది సింధూరి. "చేతులు వెనక్కి."

"నేను కాదు మేడమ్."

"మరెవరు?"

నోరు తెరిచాడు. 'మా నాన్న' అన్న రెండు మాటలు గొంతు దాటడం లేదు.

బేడీ ఒక చేతికి పడింది. క్లిక్.

"వాడు కాదమ్మా."

రావమ్మ. గోడ పట్టుకుని లేచింది. నుదుటి మీంచి నెత్తురు కారుతోంది.

"ఈయనే. ఇప్పుడే ఇక్కడే వాడికి చెప్పారు. నేను విన్నా."

"రావీ, లోపలికి పో," అన్నాడు మార్కండేయులు.

"ఈయనంటే ఎవరు?" సింధూరి పిస్టల్ దించలేదు. "స్పష్టంగా పేరు చెప్పండి. ఇది రికార్డవుతోంది."

రావమ్మ పెదవులు కదిలాయి. మాట రాలేదు.

నలభై ఏళ్ల కాపురం. రేషన్ కార్డు దగ్గర, ఓటు దగ్గర, ఆస్పత్రి చీటీ దగ్గర… ఎవరు పేరడిగినా కొడుకునో పక్కింటివాళ్లనో ముందుకు తోసి చెప్పించింది. కట్టుకున్నవాడి పేరు ఒక్కసారి కూడా నోటితో అనలేదు.

కొడుకు వైపు చూసింది. రెండో చేతికి బేడీ వేస్తున్నారు.

"రావీ," అన్నాడు మొగుడు మళ్లీ. ఈసారి బతిమాలుతున్నట్టు.

"మార్కండేయులు," అంది రావమ్మ. "ఫాదర్ గారి గొంతు కోసింది మార్కండేయులు."