డబ్బా వెనక బొట్టు

ఆనేకల్‌లో ప్రైవేటు డిటెక్టివ్ మునినారాయణప్ప ఆఫీసుకు బాలమ్మ పరుగున వచ్చింది. జిగణి ఫ్యాక్టరీలో రేకులు కొట్టే ప్రెస్సు కింద సోమవారంనాడు ఆమె మొగుడు లింగన్న కుడిచేతి వేళ్లు నాలుగు తెగిపోయాయి. తప్పంతా తనదేనని ఒక కాగితం మీద సాయంత్రంలోగా అతను వేలిముద్ర వెయ్యాలట.

"చెయ్యి కనపడితే ప్రెస్సు ఆపే డబ్బా ఒకటి ఉండాది సార్. దాని కెమెరాకు ఆయుధపూజ దినం మా ఆయనే కుంకుమ పెట్టి చెడగొట్టినాడంట. ముద్ర వేయకుంటే కేసు పెడతారంట. ఆ దినాల్లో గోడకు డబ్బానే లేదంటాడు ఆయన. సాక్ష్యానికి ఎవరూ రారు, అందరూ కాంట్రాక్టోళ్లే."

అసిస్టెంటు చైత్రకు ఒళ్లు మండిపోయింది. వేళ్లు పోయినవాడిని వేలిముద్ర అడగడానికి వాళ్లకు నోరెలా వచ్చింది? మునినారాయణప్ప ఆటో పిలిచి ఇద్దరినీ ఎక్కించుకున్నాడు.

ఫ్యాక్టరీలో పక్కనున్న కొలిమి సెగ మొహానికి కొడుతోంది. మేనేజరు అశోక్‌కుమార్ గోడకు బిగించిన ఇనప డబ్బాను గర్వంగా చూపించాడు.

"చిన్న కంప్యూటర్ సార్. నెట్‌తో పని లేదు. ఇక్కడికిక్కడే చూసి, రెప్పపాటులో మిషన్ ఆపేస్తుంది. కెమెరాకు కుంకుమ పూస్తే అదేం చేస్తుంది?"

"దీన్ని ఎప్పుడైనా తీసినారా?"

"ఎనిమిది నెలలుగా కదల్చలేదు."

పూజ జరిగి ఐదు రోజులైంది. ప్రెస్సుకు, ఫ్యానుకు, మూలనున్న చీపురుకు కూడా పసుపు మీద కుంకుమ బొట్లున్నాయి. కెమెరా అద్దం మీద ఉత్త ఎర్ర మరక, దాని పక్కన ఊరికే వేలాడుతున్న కొత్త నెట్ వైరు. డబ్బా మాత్రం కడిగిన ముత్యంలా ఉంది.

బొట్లు పెట్టింది ఊడ్చే ఓబులమ్మ.

"కనపడిన ఇనుము ఏదీ వదల్లేదప్పా. కెమెరా నాకు అందదు," అంది. డబ్బా సంగతి అడిగితే మేనేజరు వంక చూసి తల దించుకుంది.

మునినారాయణప్ప అందరినీ అక్కడికే పిలిపించాడు. డబ్బా చూసుకునే ఇంజనీరు తేజస్ వెనకెక్కడో నిలబడ్డాడు.

"డబ్బా ఇప్పు తేజసప్పా."

"వద్దు, ప్రొడక్షన్ ఆగిపోతుంది," అని మేనేజరు అడ్డొచ్చాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడని చైత్రకు అర్థమైంది.

తేజస్ బోల్టులు విప్పాడు. డబ్బా వెనక గోడకున్న ఇనప పలక మీద పసుపు, నడుమ గుండ్రటి కుంకుమ బొట్టు.

"పూజ దినం ఇక్కడ ఉత్త పలకే ఉండాది. ఓబులమ్మ దానికే బొట్టు పెట్టింది," అన్నాడు మునినారాయణప్ప. "కొలిమి వేడికి డబ్బా తిక్కతిక్కగా ప్రెస్సును ఆపేస్తా ఉంటే, దాన్ని పీకేసి, ఆ వేలాడే వైరుతో కెమెరాను ఎక్కడో దూరపు సర్వరు కంప్యూటరుకు తగిలించినారు. బొమ్మ అంత దూరం పోయి, జవాబు నెట్‌లో తిరిగొచ్చేలోపు ప్రెస్సు దిగిపోయింది. అయినంక డబ్బా బిగించి, కెమెరాకు కుంకుమ పూసినారు. పసుపు మరిచినారు. ఓబులమ్మ మరవదు."

తేజస్ ముందుకొచ్చాడు. "డబ్బా మంచిదే సార్. చల్లని చోటికి మార్చాలన్నాను. రెండు రోజులు మిషన్ ఆపాల్సి వస్తుందని మేనేజర్ గారు ఒప్పుకోలేదు. పీకించింది, వేళ్లు తెగిన రెండు గంటల్లో మళ్లీ పెట్టించింది, కుంకుమ పూసింది ఆయనే."

"గంటకు పదిసార్లు ఆగితే ఫ్యాక్టరీ నడిచేదెట్లా?" అని అరిచాడు అశోక్‌కుమార్.

చైత్ర అప్పటికే పోలీసులకు ఫోను కలుపుతోంది. బాలమ్మ మేనేజరు ఎదుటికొచ్చి నిలబడింది. అరవలేదు, ఏడవలేదు.

"పీకిన డబ్బాను రెండు గంటల్లో మళ్లీ బిగించినావు గదా సారూ. మా ఆయన వేళ్లు గూడా అట్లే బిగించు."