గుట్ట కింది చేను

"హోయ్! హోయ్!" అంటూ ప్రమోద గట్టు మీద నిలబడి స్టీలు ప్లేటు మోగిస్తోంది. ఆదివారం పొద్దున తొమ్మిదయింది. మొక్కజొన్న కంకులు పాలు పోసుకున్నాయి. కోతులకు నోరూరేది ఇప్పుడే.

ప్రమోద ఆరో తరగతి. నెల రోజులుగా సెలవు వస్తే చేను కావలి తనదే. ఒక్క కంకీ పోలేదు. ఆ సంగతి బడిలో అందరికీ రెండేసి సార్లు చెప్పింది కూడా.

పక్క చేను భూమక్కది. అది గుట్టను ఆనుకుని ఉంటుంది. అందులో సగం మొక్కలు విరిగిపోయాయి. కొరికి పడేసిన కంకులు నేలంతా ఉన్నాయి. భర్త దుబాయిలో ఉంటే ఆమె ఒక్కతే కావలి కాస్తోంది.

"పెద్దమ్మా, నువ్వు మంచిగ కాస్తలేవు. మా చేను చూడు!" అంది ప్రమోద.

భూమక్క ముఖం చిన్నబోయింది.

"మిగిలిన సగమన్న ఇంటికి రావాలె బిడ్డా. నువ్వే జర నా చేన్ల ఉండు. పగటి బువ్వదాక నేను నీ జాగల ఉంట."

"గంతేనా? ఉంట!" ప్రమోద ప్లేటు పట్టుకుని దర్జాగా నడిచింది.

గుట్ట బండల వెనక నుంచి ఒక కోతి దిగింది. ప్రమోద అటు ఉరికింది. ఇంతలో వాగు పక్క కానుగ చెట్ల మీద నుంచి నాలుగు దూకాయి. ఇటు ఉరికేసరికి బండల దగ్గర పది! ఒక పిల్లకోతి అయితే కంకి చంకలో పెట్టుకుని, ఆమె వైపు తాపీగా చూసి మరీ పోయింది. ప్రమోదకు చెయ్యి నొప్పి పుట్టింది. ఏడుపొచ్చింది. దాంతోపాటు పట్టుదలా వచ్చింది. ఇవి మా చేనుకు ఎందుకు రావు?

పెద్ద బండ ఎక్కి చూసింది.

బండల నుంచి, చెట్ల నుంచి రెండు దూకులు దూకితే భూమక్క చేనే. భయమేస్తే మళ్లీ చెట్టెక్కొచ్చు. దాని అవతల తమ చేను. తమ చేను చుట్టూ అప్పుడే నాట్లేసిన పొలాలు, బస్సులు తిరిగే ఎల్లారెడ్డి రోడ్డు. దాక్కోవడానికి ఒక్క చెట్టూ లేదు. అక్కడ భూమక్క ఊరికే కూర్చుని ఉంది. ఆమె దగ్గరికి ఒక్క కోతీ పోలేదు.

ప్రమోద తల దించుకుని వచ్చింది.

"పెద్దమ్మా, అవి నీ చేన్లనే కడుపు నింపుకొని మర్లుతున్నయి. అందుకే మా దాక వస్తలేవు. నాదేం గొప్ప లేదు. గట్ల అన్నందుకు ఏమనుకోకు."

"ఏమనుకుంట బిడ్డా? ముందుగాల నీళ్లు తాగు," అంటూ భూమక్క చెంబు అందించింది.

మరుసటి ఆదివారం ప్రమోద తన క్లాసు పద్మలతను వెంటేసుకుని వచ్చింది. ఆమెను కానుగ చెట్ల దగ్గర నిలబెట్టింది. భూమక్క తన చేను నడుమ నిలబడింది. ప్రమోద బండల వైపు నడిచింది.

"ఏందే, మన చేను ఇటు కదా! ఆడికెందుకు పోతున్నవ్?" అని తమ చేను గట్టు మీద నుంచి ప్రమోద నాయనమ్మ శాంతవ్వ కేకేసింది.

"మన చేను కావలి గూడ ఆడనే మొదలైతదవ్వా!"

ప్రమోద బండెక్కి ప్లేటు మోగించింది. తొంగిచూసిన కోతి మళ్లీ గుట్టెక్కింది.