మామయ్య బరువు

ఆదివారం పొద్దున్నే చొక్కా తొడుక్కోవడం ఆయనకు పెద్ద యుద్ధమైపోయింది. ఎడమ చెయ్యి పైకి లేవనంటోంది. భార్య వచ్చి, చంటిపిల్లాడికి తొడిగినట్టు మెల్లగా చెయ్యి దూర్చింది.

"నాన్నని ఎత్తి ఎత్తి భుజం హూనం చేసుకున్నారు. కన్నకొడుకైనా ఇంత చెయ్యడండీ," అంది.

ఆయన తల వంచుకుని ఒంటి చేత్తో బొత్తాలు పెట్టుకోసాగాడు. అసలు సంగతేమిటంటే, మూడు నెలలుగా ప్రతి ఆదివారం ఆఫీసులో మీటింగని చెప్పి ఈ మహానుభావుడు వెళ్తున్నది గోల్ఫ్ ఆడటానికి. పై ఆఫీసరు ఒకసారి తీసుకెళ్ళాడు. ఆ పచ్చిక, ఎవరూ పిలవని ఆ రెండు గంటలు, రుచి మరిగాడు. పోయిన ఆదివారం ఒళ్ళు వేడెక్కకుండానే రెండొందల బంతులు బాదేసరికి భుజం పట్టేసింది. ఏమైందని భార్య అడిగితే, "మామయ్యని లేపుతుంటే కలుక్కుమంది," అనేశాడు. అంతటితో ఆ అబద్ధం పని అయిపోతుందనుకున్నాడు, పిచ్చిమొహం.

మామయ్య ఒకప్పుడు పేరున్న దర్జీ. పక్షవాతంతో కాలు పడిపోయాక కూతురింట్లోనే ఉంటున్నాడు. మంచం దిగాలంటే ఎవరో ఒకరు చంకల కింద చేతులేసి లేపాలి. ఈ వారం రోజులూ ఆ పని కూతురొక్కతే చేస్తోంది.

తొమ్మిదింటికి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. ముసలాయన కాలు పట్టబోతూ ఆగి, చేతి మీద చర్మం పైకి లాగి చూసింది. చర్మం లాగింది లాగినట్టే ఉండిపోయింది.

"తాతగారూ, నీళ్ళు తాగుతున్నారా?"

"పెడుతూనే ఉన్నానే! గ్లాసు ఖాళీ అవుతూనే ఉందే!" కూతురు కంగారుపడింది.

"కిటికీలోంచి పారబోస్తున్నానమ్మా," అన్నాడాయన తల దించుకుని. "తాగితే బాత్రూంకి లేవాలి కదా. అల్లుడి భుజం విరిచాను, ఇప్పుడు నీ నడుం కూడా విరవాలా? నన్ను ఏదైనా ఆశ్రమంలో చేర్చెయ్యండి. అక్కడ జీతమిచ్చి లేపిస్తారు."

"ఇలాగైతే నాకు దక్కుతావా నాన్నా!" అంటూ కూతురు భోరుమంది.

గుమ్మంలో ఉన్న అల్లుడికి తల కొట్టేసినట్టయింది.

"సార్, మీ భుజం కూడా చూస్తాను, కూర్చోండి," అంది ఫిజియో అమ్మాయి. అక్కడా ఇక్కడా నొక్కి, రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసింది. "కుడి చెయ్యి నల్లబడింది, ఎడమది తెల్లగా ఉంది. ఈ చేతికి గ్లవుజు వేసుకుని ఏమైనా ఆడతారా?"

"ఆయనకి ఆటలెక్కడివమ్మా! బండి నడుపుతారు, దానివల్లే అయ్యుంటుంది," అని భార్య వెనకేసుకొచ్చింది.

ఊఁ అంటే సరిపోయేది. ఆయనవల్ల కాలేదు.

"గోల్ఫ్ ఆడతాను," అన్నాడు.

"మరి ఆదివారం మీటింగులు?"

"లేవు."

"నేనొక్కదాన్నే నాన్నని మోసుకుంటూ చస్తుంటే, మీరు బంతులు కొట్టుకుంటున్నారా? అది చాలక నేరం ఆయన నెత్తిన రుద్దుతారా? మనిషేనా మీరు?"

ఆయన వెళ్ళి మంచం పక్కన కూలబడ్డాడు.

"మామయ్యా, అబద్ధమాడాను. ఈ నొప్పికీ మీకూ ఏ సంబంధం లేదు. చెప్పుచ్చుకు కొట్టండి."

ముసలాయన అల్లుడి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు.

"నిజంగా... నావల్ల కాదా?"

"కాదు."

"ఒట్టు?"

"మీమీదొట్టు మామయ్యా."

"బతికించావు బాబూ! పిల్లదాని కాపురానికి గుదిబండనయ్యానని రోజూ కుమిలిపోతున్నాను," అంటూ ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు.

నాలుగు తిట్టినా అల్లుడు తట్టుకునేవాడు. ఆ సంతోషం చూసి మాత్రం తట్టుకోలేక దుప్పట్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"సార్, ఐసు పెట్టండి. రోజూ గోడమీద వేళ్ళతో చెయ్యి పైకి పాకించండి. నెల దాకా ఆ కర్ర మాత్రం ముట్టుకోకండి," అంది ఫిజియో అమ్మాయి, ఎటు చూడాలో తెలియక.

"ముట్టుకుంటే నేనే విరిచేస్తాను!" అంది భార్య, తండ్రికి నీళ్ళందిస్తూ.

"కర్రనా, భుజాన్నా?" అన్నాడు మామయ్య. వరసగా రెండు గ్లాసులు ఖాళీ చేశాడు. తర్వాత కాస్త మొహమాటపడుతూ అల్లుడి వైపు తిరిగాడు.

"బాబూ, పొద్దుట్నించీ ఆపుకున్నాను. కొంచెం లేపుతావా?"

అల్లుడు కళ్ళు తుడుచుకుని కుడి చెయ్యి మామయ్య చంక కింద వేశాడు. మొగుడి మొహం చూడకుండానే వచ్చి, రెండోవైపు ఆమె పట్టుకుంది.