పలకరాని పేరు

“నీ దీవి పురుగులు. నువ్వే చూసుకో,” అన్నాడు కర్నల్ షెన్, తైపే ఆఫీసులో ఫైలు ముందుకు తోసి. “లాన్యూ ముక్కుపురుగులు, నీలి మచ్చలవి, సేకరించేవాళ్ళు లక్షలు పోసి కొంటారు. ముఠావాళ్ళు కొండంతా ఊడ్చేశారు. రేపు పొద్దున ఓడెక్కుతాయి. కొనేవాణ్ణి దారిలోనే పట్టేశాం. వాడి వేషం నీది.”

“కోడ్‌వర్డ్?” అడిగాడు ఏజెంట్ మోగజ్.

“వాడు చెప్పి చావడం లేదు. ‘దీవివాడెవడూ పలకని పేరు’ అంటాడు, నవ్వుతాడు.”

మోగజ్‌కు నవ్వు రాలేదు. లాన్యూలో బిడ్డ పుడితే కన్నవాళ్ళ పేర్లు మారిపోతాయి. ఫలానావాడి నాన్న, ఫలానావాడి అమ్మ. బిడ్డ పోతే ఆ పిలుపూ పోతుంది. చనిపోయినవాళ్ళ పేరెత్తితే దయ్యాలై తిరిగొస్తారని భయం. మోగజ్ అలా పేరు పోగొట్టుకున్నవాడే. కొడుకు జ్వరంతో పోయాక భార్య కూడా చెప్పకుండా వెళ్ళిపోయింది.

పొద్దున్నే రేవులో నిలబడ్డాడు. జపాన్ వ్యాపారి కోటు, పెట్టుడు మీసం, గుండీలో మైకు, చెవిలో ఇయర్‌ఫోన్. ఎర్ర గౌనులో, ఎత్తు చెప్పులతో ముఠా కొరియర్ ఇనుప పెట్టె పట్టుకుని వచ్చింది. పోలీసులకూ కబుర్లమ్ముతూ రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మనిషని ఫైల్లో ఉంది. ఫొటో లేదు.

ఉంటే అతను వచ్చేవాడు కాదు. ఆమె అతని భార్య.

మీసం చాటున ఆమె గుర్తుపట్టలేదు. “పేరు చెప్పండి సార్. తప్పు చెప్తే పెట్టె సముద్రంలోకే.”

“పేరే ఎందుకు?” గొంతు మార్చి అడిగాడు.

“మా దీవివాళ్ళు నాలుక కోసినా పలకరు. పోలీసులు మావాణ్ణే పంపితే ఇక్కడే దొరికిపోతాడు.” నవ్వబోయింది గానీ పెదవి వణికింది.

అప్పుడర్థమైంది అతనికి, ఏ పేరో.

ఓడ కూత వేసింది. ఆమె పెట్టెను గట్టు అంచు దాటించి నీళ్ళ మీద పట్టుకుంది.

“సినన్ కలితన్!” అన్నాడు. కలితన్ అమ్మా, అని, పోయిన కొడుకు పేరుతో.

“ఊఁ,” అందామె, వంటింట్లోంచి పలికినట్టు. ఆ తర్వాత మొహం పాలిపోయింది. అతను చెయ్యి చాచి పెట్టె లాక్కున్నాడు.

“నువ్వా! వాణ్ణి పిలిచేశావా?” చతికిలబడి ఏడ్చింది. “ఆ దీవి నా బిడ్డనే మిగల్చలేదు, పురుగుల్ని నేనెందుకు మిగల్చాలి? ఇప్పుడు వాడొస్తే ఎక్కడికి రావాలయ్యా? మనకి ఇల్లేదీ?”

అతనూ ఏడుస్తూనే ఆమె చేతులకు బేడీలు వేశాడు.

చెవిలో కర్నల్ గొంతు గంతులేసింది. “శభాష్! కోడ్ ఎక్కడ సంపాదించావ్?”

“మా ఇంట్లోదే సార్.”