చిగురు ముక్కుకు వీణతీగ

మరకతపురాన్ని జయపాల మహారాజు ఏలే రోజుల్లో, ఒక సాయంత్రం ఆ దేశంలోని ఆకుపచ్చ రంగంతా మాయమైపోయింది. పాలుపోసుకుంటున్న వరిచేలు బూడిదరంగుకు తిరిగాయి. మామిడాకులు, తమలపాకులు, గట్లమీది గరిక, చివరికి ఆడవాళ్లు కట్టుకున్న ఆకుపచ్చ చీరలు కూడా వెలిసిపోయాయి. పశువులు గడ్డిని వాసన చూసి మొహం తిప్పుకున్నాయి. ఇది ఏ శాపమో, ఎవరి వల్ల వచ్చిందో దేశంలో ఎవరికీ అంతుపట్టలేదు.

ఒక్కరికి మాత్రం తెలుసు. ఆమె రాజుగారి ఏకైక కూతురు తరళ. ఆ సమయంలో ఆమె తన గది తలుపులు మూసుకుని, ఒళ్లో ఉన్న చిలకను చూస్తూ కూర్చుని ఉంది.

ఆ చిలక పేరు చిగురు. వేటగాళ్లు దాన్ని చెట్టుతొర్రలోంచి తీసి తెచ్చినప్పుడు దానికింకా ఈకలు కూడా రాలేదు. తరళ అరటిపండు మెత్తగా నలిపి వేలికొసతో పెట్టి పెంచింది. తర్వాత ఆమె పెద్దదైంది. గుర్రపుస్వారీ, వీణ, రాజనీతి నేర్చుకునే పనిలో పడి చిలకను బంగారు పంజరంలో వదిలేసింది. దాని తిండీ నీళ్లూ చూసుకునే పని సింగమ్మ అనే పరిచారికకు అప్పగించారు. ఆ తర్వాతే చిగురుకు కొత్త అలవాటు వచ్చింది. పంజరంలోంచి తీసి భుజంమీద పెట్టుకుంటే చాలు, తరళ ఓణీ అంచులు కొరికేది, ముత్యాల కుచ్చులు పీకేది, లాక్కోబోతే వేలు కరిచేది.

తరళకు యువరాణిగా పట్టం కట్టే రోజు వచ్చింది. చూడముచ్చటగా ఉంటుందని ఆమె చిలకను భుజంమీద పెట్టుకుని సభకు వెళ్లింది. పొరుగు రాజులందరూ చూస్తుండగా చిగురు ఆమె పట్టు ఉత్తరీయం ముడిని పుటుక్కున కొరికేసింది. ఉత్తరీయం జారిపోయింది, దానికి కుట్టిన ముత్యాలు నేలంతా దొర్లాయి. సభ గొల్లుమని నవ్వింది. తలవంపులు భరించలేక తరళ మధ్యలోనే లేచి వచ్చేసింది. గదిలోకి రాగానే వీణకున్న తీగ ఒకటి తెంపి, తన చేతులతో తనే చిగురు ముక్కుకు చుట్టి బిగించింది.

చిలక పెనుగులాడలేదు. ఆమె కళ్లలోకి చూస్తూ కదలకుండా ఉండిపోయింది. తీగ చివరి మెలిక పడగానే దాని ఒళ్లంతా బూడిదరంగు అయింది. కిటికీ అవతల తోట కూడా అదే రంగుకు తిరిగింది. తరళ భయపడి తీగ విప్పబోయింది, అది రాలేదు. చాకుతో కోస్తే చాకు వంగిపోయింది.

తలుపు తట్టి లోపలికి వచ్చిన రాజు చిలకను చూసి నిర్ఘాంతపోయాడు. ఈ పని ఎవరు చేశారని అడిగాడు. నేనే చేశానని చెప్పడానికి తరళ నోరు తెరిచింది. కానీ సభలో వినిపించిన నవ్వులు ఇంకా ఆమె చెవుల్లో ఉన్నాయి. "నాకు తెలియదు నాన్నగారూ. నేను వచ్చేసరికే ఇలా ఉంది" అన్నది.

చిలక దగ్గరికి వచ్చేది సింగమ్మ ఒక్కతే కాబట్టి భటులు ఆమెను చెరసాలకు తీసుకుపోయారు. ఆమె పెరట్లోంచి వెళ్తూ, చిలకకు నీళ్లు పెట్టారా అని ఎవరినో అడగడం తరళ కిటికీలోంచి విన్నది. విని కిటికీ తలుపు వేసేసుకుంది.

మర్నాడు ఒక యోగిని సభకు వచ్చి విషయం చెప్పింది. ఆ దేశపు పచ్చదనం పచ్చకొండమీద ఉండే చిలకల రాణి ఇచ్చిన వరమట. ఆ దేశంలో ఏ చిలక ముక్కుకు బంధం పడినా ఆ వరం వెనక్కి పోతుందట. చిలకను ఎవరైనా కొండకు తీసుకువెళ్లి రాణినే అడగాలని చెప్పి యోగిని వెళ్లిపోయింది. దారిలో ఉన్న అడవి పేరు వినగానే సేనాపతులు తలలు దించుకున్నారు. తరళ లేచి తాను వెళ్తానన్నది. సభంతా ఆమె ధైర్యాన్ని మెచ్చుకుని జేజేలు కొట్టింది. ఆ జేజేలు వింటుంటే ఆమెకు భూమిలోకి కుంగిపోయినట్టయింది.

చిగురును బుట్టలో పెట్టుకుని, ముక్కు పక్కనుంచి దానికి పళ్లరసం చుక్కలు చుక్కలుగా పడుతూ ఆమె ఒంటరిగా బయలుదేరింది.

అడవి మొదట్లోనే నల్లవాగు అడ్డం వచ్చింది. దాని ఒడ్డున దంతాసురుడనే రాక్షసుడు కూర్చుని ఉన్నాడు. వాడి కోరలు చెంపలు దాటి పైకి పెరిగి కళ్లను పొడిచేలా ఉన్నాయి. ఒడ్డున ఒక్క చెట్టు కూడా మిగల్లేదు, అన్నీ వాడు కొరికి పొట్టు చేసేశాడు. తరళను చూసి, కొరకడానికి ఏమీ లేదు కనుక నీ ఎముకలైనా కొరుకుతాను అంటూ లేచాడు. తరళ భయాన్ని దిగమింగి, అవతలి ఒడ్డున చేవగల మానులు పడి ఉన్నాయనీ, ఒకటి తెచ్చి ఇస్తాననీ చెప్పింది. వాగు లోతంటే వాడికి భయమని ఆమె గమనించింది. ఈదుకుంటూ వెళ్లి, ఒక మానును నీళ్లలోకి నెట్టి, దాన్ని పట్టుకుని ఇవతలికి చేర్చింది. రాక్షసుడు దానిమీద పడి కోరలు అరిగేదాకా కొరికాడు. వాడి మొహంలో బాధ తగ్గింది.

"నా కోరలు రోజూ పెరుగుతాయి పిల్లా. కొరక్కపోతే బతకలేను. చిలక ముక్కూ అంతే" అన్నాడు వాడు బుట్టలోకి తొంగిచూస్తూ. "మీ ఇంట్లో దీనికి కొరుక్కోవడానికి ఏం ఇచ్చారు?"

బంగారు పంజరం, బంగారు కమ్మీ, వెండి గిన్నె. తరళకు ఒక్క కట్టెపుల్ల కూడా గుర్తుకు రాలేదు.

"ముక్కు కట్టిందెవరు?" అని అడిగాడు రాక్షసుడు.

"మా పరిచారిక" అన్నది తరళ. నోట మాట వచ్చాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. అడవిలో, ఒక రాక్షసుడి ముందు కూడా ఆమెకు నిజం చెప్పడం చేతకాలేదు. రాక్షసుడు మిగిలిన మానును వాగుకు అడ్డంగా వేసి ఆమెను దాటనిచ్చాడు. కానీ బుట్ట అందుకుని నడక మొదలుపెట్టగానే చిలక రాయిలా బరువెక్కిందని ఆమెకు తెలిసింది. ఎందుకు బరువెక్కిందో కూడా తెలిసింది.

కొండదారిలో కాంచనగుహ ఉంది. దానికి కావలి ఒక యక్షిణి. గుహలో ఒక పగలంతా ఉండి అవతలి ద్వారంలోంచి వెళ్లవచ్చని ఆమె చెప్పింది. ఇదేం పరీక్ష అనుకుంది తరళ. లోపల గోడలు బంగారం, నేల బంగారం, పళ్లెం నిండా పళ్లు, కూజా నిండా పన్నీరు. ఆమె పళ్లు తిన్నది. కాసేపు గోడలు చూసింది, అటూ ఇటూ తిరిగింది. పాట పాడితే వినేవాళ్లు లేరు, మాట్లాడితే పలికేవాళ్లు లేరు. పొద్దు ఎంతకీ కదలడం లేదు. ఏడుపు వచ్చింది, అరవాలనిపించింది, అరిచింది కూడా. ఆ తర్వాత ఏం చేసిందో ఆమెకు ధ్యాస లేదు.

ద్వారం తెరుచుకునేసరికి యక్షిణి ఎదురుగా నిలబడి ఉంది. "నీ కొంగు ఏమైంది అమ్మాయీ?" అని అడిగింది.

తరళ కిందికి చూసుకుంది. ఆమె చీరకొంగు మూరెడు మేర లేదు. పోగులన్నీ ఒక్కొక్కటిగా లాగి, పళ్లతో తెంపి, ఒళ్లో కుప్ప పోసుకుంది. ఆ కుప్పను ఆమె దాచబోయి, దాచలేక, చేతులు ముడుచుకుంది.

"నువ్వు ఒక్క పగలు ఉన్నావు" అన్నది యక్షిణి. కోపంగా అనలేదు. "దీని ముక్కు ఎవరు కట్టారు?"

తరళ, "మా ఇంట్లోనే జరిగింది తల్లీ" అని మాత్రం అన్నది. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. బుట్ట మరింత బరువెక్కింది. ఆ బరువును రెండు చేతులా గుండెకు హత్తుకుని, మోకాళ్లు గీరుకుపోతుండగా ఆమె మిగిలిన కొండ ఎక్కింది.

పచ్చకొండమీద వేలకు వేల చిలకలున్నాయి. దేన్నీ ఎవరూ కట్టలేదు. కొన్ని బెరడు ఒలుస్తున్నాయి, కొన్ని కొమ్మలు తొలిచి గూళ్లు చేసుకుంటున్నాయి. జంటలు జంటలుగా కూర్చుని ఒకదాని మెడ ఈకలను ఒకటి ముక్కుతో మెల్లగా దువ్వుతున్నాయి. తరళ వాటిని చూస్తూ నిలబడిపోయింది. చిగురు ఆమె జాకెట్టు చేతులను, ఓణీ అంచులను సరిగ్గా అలాగే ముక్కుతో పట్టుకునేది.

ఎత్తైన కొమ్మమీద నుంచి చిలకల రాణి ఆమె మనసులో మాట విన్నట్టే చెప్పింది. "మీకు ఈకలు లేవు. గుడ్డలే మీ ఈకలనుకుంటుంది మా పిల్ల. దానికి నువ్వు తప్ప గుంపు లేదు కదా. నిన్ను కరిచినప్పుడు కూడా ముందు ఈకలు బిగించి, కళ్లు పెద్దవి చిన్నవి చేసి, వద్దని చెప్పే ఉంటుంది. నువ్వు చూసి ఉండవు. ఇంతకీ తీగ కట్టింది ఎవరు?"

ఈసారి తరళ మొహం దాచుకోలేదు. "నేనే కట్టాను అమ్మా. నా వీణతీగతో కట్టాను. వాళ్లు నవ్వారని కట్టాను." చెప్పడం మొదలుపెట్టాక ఆపడం ఆమె వల్ల కాలేదు. ఒకప్పుడు చిగురు నాట్యగురువు శాలువా చింపితే తను పడీపడీ నవ్వి, చప్పట్లు కొట్టి ముద్దుపెట్టుకున్న సంగతి చెప్పింది. ఆ తర్వాత రోజుల తరబడి దాని పంజరం వైపు చూడలేదనీ, గుడ్డ చిరిగినప్పుడే పరుగెత్తుకొచ్చి అరిచేదాన్ననీ చెప్పింది. తను దగ్గరికి రావాలంటే ఏం చేయాలో తనే దానికి నేర్పిందన్నమాట. సింగమ్మమీద నేరం పడుతుంటే ఊరుకున్న సంగతి కూడా చెప్పింది.

రాణి అంతా విన్నది. "నాకు చెప్పావు. బరువు తగ్గుతుంది. కానీ తీగ ఇక్కడ ఊడదు. అబద్ధం ఎక్కడ చెప్పావో అక్కడ విప్పుకో" అన్నది.

బుట్ట నిజంగానే తేలికైంది. కాళ్లు మాత్రం బరువెక్కాయి. రాక్షసుడి దగ్గరికి ధైర్యంగా వెళ్లిన అమ్మాయికి సొంత ఊరు దగ్గరవుతున్నకొద్దీ వెనక్కి తిరిగి పారిపోవాలనిపించింది. దారిలో బూడిదరంగు చేల గట్లమీద కూర్చున్న రైతులు ఆమెను చూసి లేచి దండాలు పెట్టారు. ఆ దండాలు అందుకోలేక ఆమె తల వంచుకుని నడిచింది.

సభ నిండి ఉంది. సింగమ్మను చెరసాలనుంచి పిలిపించమని తరళ ముందుగా అడిగింది. ఆమె వచ్చి ఒక పక్కన నిలబడ్డాక, రాజు వైపు కాకుండా ఆమె వైపు తిరిగి మాట్లాడింది. తీగ తనే కట్టానని, ఆమెను తీసుకుపోతుంటే కిటికీలోంచి చూశానని, చూసి తలుపు వేసుకున్నానని చెప్పింది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని తరళకు అనిపించింది.

ఆమె బుట్టలోంచి చిగురును తీసి తీగకొస పట్టుకుంది. అది నూలుపోగులా విడిపోయింది. ముక్కు తెరుచుకోగానే చిలక చేసిన మొదటి పని ఆమె బొటనవేలిని గట్టిగా కరవడం. నెత్తురు చిమ్మింది. తరళ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చిలక రెక్కలమీద ముందు ఒక ఆకుపచ్చ చార కనిపించింది, తర్వాత ఒళ్లంతా పచ్చబడింది. ద్వారానికి కట్టిన మామిడి తోరణం పచ్చబడింది. కాసేపటికి బయట చేలలోంచి జనం కేకలు వినిపించాయి.

తరళ సింగమ్మ కాళ్లమీద పడింది. సింగమ్మ వెంటనే లేవనెత్తలేదు. కాసేపు చూసి, "లేవండమ్మా. ముందు దానికి నీళ్లు పట్టండి. నా సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అన్నది.

రాజు కూడా సింహాసనం దిగి, విచారించకుండా చెరసాలకు పంపిన తప్పు తనదని సింగమ్మ ముందు ఒప్పుకున్నాడు. తన కూతురికి పట్టం కట్టవచ్చా అని ఆమెనే అడిగాడు. ఇప్పుడే వద్దని సింగమ్మ సూటిగా చెప్పింది. తరళ ఆ మాటకు తలొంచింది.

ఆ రోజునుంచి బంగారు పంజరం మూలపడింది. తరళ తోటలో పెద్ద పందిరి వేయించి, వేపకొమ్మలు, కొబ్బరి చిప్పలు, తాటాకు చుట్టలు కొరుక్కోవడానికి వేలాడదీయించింది. పందిరికి తలుపు లేదు. చిగురు కొన్నాళ్లు ఆమె పిలిస్తే రాలేదు, సింగమ్మ పిలిస్తేనే వచ్చేది. తరళ రోజూ వెళ్లి కింద కూర్చునేది. అది ఈకలు బిగిస్తే దూరం జరిగేది, మెడ వంచి చూస్తే పలకరించేది. అది గుడ్డను పట్టుకుంటే అరవకుండా, చేతికి ఒక పుల్ల ఇచ్చేది. సింగమ్మ పక్కనే తన పని చేసుకుంటూ చూసేది. ఇద్దరూ మొదట్లో చిలక గురించే మాట్లాడుకున్నారు, తర్వాత మిగతా సంగతులూ మాట్లాడుకున్నారు.

రెండోసారి వరి కోతకు వచ్చిన రోజుల్లో ఒక ఉదయం సింగమ్మ తనంతట తనే సభకు వచ్చింది. "మహారాజా, ఇక కట్టండి పట్టం" అన్నది. ఆ మాట విని తరళ సంతోషంతో కాక సిగ్గుతోనే ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని ముందుకు వచ్చింది.

తరళ మహారాణి చాలాకాలం ఆ దేశాన్ని ఏలింది. ఎవరిమీదైనా నేరం మోపినప్పుడు వాళ్ల మాట పూర్తిగా వినేదాకా ఆమె తీర్పు చెప్పేది కాదు. ఆమె ఏలినన్నాళ్లూ చేలు పచ్చగా ఉన్నాయి, చిలకలు తమకు నచ్చిన చోట వాలాయి.