తెల్లబెల్లం

బంగారయ్య పెనంలో పాకం ఉడికితే చీడికాడ నుంచి చీమలు బస్సెక్కి వచ్చేవట. టికెట్టు కూడా తీసుకునేవని ఊళ్లో చెప్పుకునేవారు. ఆ ఉదయం మాత్రం పొయ్యి వెలగలేదు. నిన్న అనకాపల్లి మార్కెట్టుకి వెళ్లిన నల్లటి బెల్లం దిమ్మలన్నీ అదే బండిలో తిరిగొచ్చి, అలిగిన వియ్యాలవారిలా వసారాలో కూర్చున్నాయి.

వాటిని తప్పించుకుంటూ లోపలికొచ్చింది కూతురు రామతులసి. బెల్లం వండకం మీద ఆమె తీసిన డాక్యుమెంటరీకి జర్మనీలో బహుమతి వచ్చింది. పోయిన వారం దాన్ని టీవీలో వేశారు. నాన్న బెల్లాన్ని తెల్లబరిచే రసాయనపు మందు గుప్పిళ్లతో పాకంలో చల్లడం జనమంతా చూశారు.

"ఒక్కరూ కొనలేదామ్మా?"

"కొంటారేటి? మందు బంగారయ్య వచ్చేడని నవ్వేరట. ఇది నల్లగుంది కదా అంటే, పైన రంగు పూసేవన్నారట," అంది తల్లి కాసులమ్మ, చేటలో బియ్యం ఏరుతూ.

"తెల్లబెల్లం కావాలని ఎగబడేది ఆ షావుకార్లే కదా. నేను ఉన్నదే తీశాను."

కాసులమ్మ చేట కింద పెట్టింది. "మన పొయ్యికాడ ఆ మందు ఎప్పుడైనా సూసేవా, సిన్నప్పట్నుంచి?"

తులసి లేదన్నట్టు తల ఊపింది.

"ఊరుకోయే," అన్నాడు బంగారయ్య వసారా అరుగు మీంచి.

"ఊరుకోను. మన బెల్లం కెమెరాలో మసిలాగ పడతాది, పిల్ల సినిమా పాడైపోతాదని నువ్వు సినిమా తీసే ముందురోజు మీ నాన్న బజారెళ్లి ఆ మందు తెచ్చేడు. పెళ్లికూతురికి పౌడరు రాసినట్టు రాసేడు. నువ్వెళ్లేక ఆ పాకమంతా గొయ్యి తీసి పాతేసేడు."

"నాన్నా, మరి నాకు చెప్పొద్దా?"

"సెబుదామనే అనుకున్నానమ్మా. ఇంకోసారి సల్లు నాన్నా, బాగుంది అన్నావు. నీ మొగం సూసి మళ్లీ సల్లేను."

ఆ మాట తనదే. రెండోసారి చల్లిందే సినిమాలో ఉంది.

"టీవీ వాళ్లతో చెబుతాను నాన్నా. తప్పు నాదని చెబుతాను."

"ఎవులింటారు తల్లీ? రేపట్నుంచి సెరకు పంచదార ఫేట్రీకి తోలేత్తాను. పెనానికి బేరం కూడా వచ్చింది."

బంగారయ్య దగ్గి, గొంతు తగ్గించి అడిగాడు.

"టీవీలో ఏసినేళ మనకి కరెంటు లేదు, సూడ్నేదు. బెల్లం బాగా తెల్లగా పడిందా?"

తులసి వసారాలోకి వచ్చి, దిమ్మల మధ్యే కూలబడి, ఆయన మోకాళ్ల మీద తల పెట్టింది.

"పడింది నాన్నా. మల్లెపువ్వులా పడింది."

కూతురి కన్నీళ్లకి తడిసిన పంచె సర్దుకోకుండా ఆయన ఆమె తల నిమిరాడు. "మరింకేటి," అన్నాడు.