గుట్ట మీద కరెంటు తీగ

“రాస్తున్నవా రేఖా?”

“రాస్తున్న తాతా.”

“మీ నాయిన కొండగొర్రెను కొట్టిండు... అది బాణంతోనే ఉరుకుతుంది... ఆడికెల్లి రాయి బిడ్డా.”

చీకటి ఇంకా విడలేదు. ఎల్లారెడ్డి అవతలి గుట్ట. కాళ్ల కింద రాళ్లు జారుతున్నాయి.

ముందు రేఖ తండ్రి భీమ్‌సింగ్. వెనక వేట జోడీ లింబాద్రి. ఇద్దరి చేతుల్లోనూ విల్లులు.

“తగిలింది భీమన్నా! ఇడువకు!”

లింబాద్రి గొంతులో హుషారు. రేపే అతని దుబాయ్ ఫ్లైట్. ఈ మాంసం ఇవాళ్టి దావత్‌కి.

“ఆడికి వోయినంక ఒంటె కూరనే గదనే! ఇయ్యాల కడుపు పగలాలె!”

భీమ్‌సింగ్ నవ్వడు.

రేపు వీడు విమానం ఎక్కితే... నిజం కూడా వీడితోనే పోతుంది!

నిరుడు వానాకాలంలో తమ్ముడు హరిచంద్ శవం బావి మోటరు పక్కన దొరికింది. షాక్ కొట్టిందని ఊరంతా నమ్మింది. మొదట చూసింది లింబాద్రి.

కానీ శవానికి స్నానం చేయించింది భీమ్‌సింగ్.

అరచేతుల మీద మచ్చ లేదు. మోకాళ్ల కింద మాత్రం... తీగ మందాన కాలిన గీత!

పక్క మక్కచేను లింబాద్రిది. అడవి పందులకని కరెంటు తీగ కట్టే అలవాటూ అతనిదే.

సాక్ష్యం లేదు. అందుకే అప్పటి నుంచీ వీడితో వేట. వీడితో కల్లు. వీడి జోకులకి నవ్వు.

“ఇటు రా! అడ్డదారి!”

భీమ్‌సింగ్ ఎడమకి తిరుగుతాడు. పొదల మధ్య ఇరుకు సందు. అందులో సన్నగా మెరుస్తూ... ఇనుప తీగ!

భీమ్‌సింగ్ కాలు లేపుతాడు.

“ఆగు!!”

లింబాద్రి దూకి నడుం పట్టేస్తాడు. ఇద్దరూ రాళ్ల మీద పడతారు.

“తీగ! తాకితే సస్తవ్! మీ తమ్ముడు గట్లనే...”

టక్కున ఆగాడు.

ఆలస్యమైపోయింది!

“గట్లనే... ఏంది?”

“అదే... మోటరు...”

“మోటరు కాడ కాళ్లకు తీగెట్ల తగుల్తదిరా? ఈ గుట్ట మీదికి కరెంటు ఏడికెల్లి వస్తది?”

భీమ్‌సింగ్ తీగను పిడికిట్లో పట్టుకుంటాడు. ఏమీ కాదు.

లింబాద్రి ముఖంలో రక్తం లేదు.

విల్లు వంగుతుంది. బాణం మొన అతని గొంతుకి సూటిగా!

“చెప్పు.”

“అన్నా... పందికి కట్టిన. మనిషికి గాదు!”

“మోటరు కాడికి మోసింది?”

“నేనే.”

“అప్పటికే పానం వోయిందా?”

లింబాద్రి ముఖం తిప్పుకుంటాడు.

“వోయిందా!!”

“లే... లేదు. మూలుగుతుండె. నీళ్లు అడిగిండు.”

“కామారెడ్డి దవాఖానకు తీస్కపోతే బతుకుతుండె గదరా!”

“బతికితే నా పేరు చెప్తడని... పక్కన్నే కూసున్న. సప్పుడు ఆగేదాక.”

లాగిన అల్లెతాడు భీమ్‌సింగ్ వేళ్ల మధ్యే ఉంది. వదిలితే చాలు!

కానీ... ఇప్పుడే నడుం పట్టి లాగింది వీడే. నా ప్రాణం పోతుందని లాగాడు. ఆ తీగలో కరెంటు ఉంటే?

థూ!

విల్లు దించుతాడు.

“లే. ఠాణాకు నడువు. ఇదే ముచ్చట ఆడ చెప్పాలె. దుబాయ్ లేదు, గిబాయ్ లేదు.”

“చెప్త అన్నా! నీ కాల్మొక్త!”

భీమ్‌సింగ్ పొద వైపు తిరుగుతాడు.

“ఇన్నవా మంగ్లీ?”

లింబాద్రి ఉలిక్కిపడతాడు.

పొద వెనక నుంచి లేస్తుంది... హరిచంద్ భార్య! రాత్రి వచ్చి తీగ కట్టింది ఆమే. చెవులారా విని సాక్ష్యం చెప్పాలి. ఇద్దరూ అనుకున్నది అంతవరకే.

కానీ ఆమె చేతుల్లో విల్లు! అల్లెతాడు చెవి దాకా లాగి ఉంది!

“ఇన్న బావా. నీళ్లు అడిగిండట.”

“మంగ్లీ, ఒద్దు! వాడు ఠాణాల...”

“ఠాణాకు నేను వోత.”

సుయ్!!

“ఇగ రాసుడు చాలు రేఖా. ములాఖత్‌కు వోయినప్పుడు జైల్ల మీ చిన్నమ్మకు ఇది చదివి ఇనిపియ్యి. నిమ్మలంగ చదువు. మామనైన నేను ఆమెను ఒక్క మాట గూడ అనలేదని చెప్పు.”